వేగం తెలీదు, బరువు తెలుస్తుంది

ఫైటర్ జెట్ ఎగురుతున్నప్పుడు కాక్‌పిట్ లోపల నిజంగా ఎలా ఉంటుంది, సినిమాల్లో చూపించినట్టే ఉంటుందా, అంత వేగంలో భయం వెయ్యదా అని అడిగారు. మూడు ప్రశ్నలు. రెండోదానికి జవాబు ఒక్క ముక్క: ఉండదు. మిగతా రెండూ కాస్త పెద్దవి.

నేను మిగ్-21 నడిపినవాణ్ని. దుండిగల్ అకాడమీలో మొదలుపెట్టి, హకీంపేటలో కిరణ్ అనే శిక్షణ జెట్ మీద నేర్చుకుని, అస్సాంలో తేజ్‌పూర్ వెళ్ళి మిగ్ ఎక్కాను. ఆ విమానం 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో చివరిసారి ఎగిరి రిటైరైంది. నేను దానికంటే చాలా ముందే అయ్యాను. కాబట్టి కింద రాసింది ఎక్కువగా ఆ పాత కాక్‌పిట్ సంగతి.

ముందు వేగం మాట తేల్చేద్దాం, అందరికీ దాని మీదే మోజు. పైన వేగం తెలీదు. పది కిలోమీటర్ల ఎత్తులో గంటకి వెయ్యి కిలోమీటర్లతో పోతున్నా కింద భూమి గోడ గడియారంలో నిమిషాల ముల్లులా జరుగుతుంది. సాయంత్రం మెస్సుకి చేతక్ స్కూటర్ మీద అరవైలో పోతుంటే కళ్ళలో నీళ్ళొచ్చేవి, చొక్కా టపటపా కొట్టుకునేది. వేగమంటే అది. మొదటిసారి ధ్వని వేగం దాటినప్పుడు ఏదో జరుగుతుందని బిగుసుకుని కూర్చున్నాను. వేగం ధ్వనికి ఎన్ని రెట్లో చూపించే మాక్ మీటర్ ముల్లు, ఒకటి అంకె దగ్గరికొచ్చింది. ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముల్లు ఉలిక్కిపడ్డట్టు ఒకసారి గెంతి మళ్ళీ సర్దుకుంది. అంతే. బయటి గాలి ఒత్తిడిని కొలిచే చిన్న రంధ్రాల మీదుగా షాక్ వేవ్, అంటే ధ్వని వేగం దగ్గర పుట్టే గాలి దెబ్బ, దాటిపోయిందన్నమాట, అందుకే ఆ గెంతు. కింద ఊళ్ళో కిటికీ రెక్కలు దడదడలాడి ఉంటాయి, నాకు మాత్రం చిటికె శబ్దం కూడా వినబడలేదు.

వేగం తెలిసేది నేలకి దగ్గరగా ఎగిరినప్పుడే. వంద మీటర్ల ఎత్తులో గంటకి 900 కిలోమీటర్లంటే సెకనుకి పావు కిలోమీటరు. మోకాలికి కట్టుకున్న మ్యాప్ వంక ఐదు సెకన్లు చూశారంటే, చూడకుండా కిలోమీటరు పైన పోయినట్టు. చెట్లు, కరెంటు స్తంభాలు విడివిడిగా కనబడవు, పక్కనుంచి ఎవరో చీర లాగేసినట్టు జారిపోతుంటాయి. అక్కడ నాకు శత్రు విమానాల కన్నా గద్దలంటే ఎక్కువ బెదురు. అంత వేగంలో ఇంజన్‌లోకి ఒక గద్ద దూరితే చాలు.

దారి కనుక్కోవడం ఎంత కష్టమో హకీంపేటలోనే తెలిసింది. కిరణ్‌లో పక్కపక్క సీట్లు, ఇన్‌స్ట్రక్టర్ భుజం మన భుజానికి తగులుతుంటుంది. బయల్దేరే ముందు నేను మ్యాప్ మీద గీత గీసుకుని "చెరువు రాగానే కుడికి" అని రాసుకున్నాను. తెలంగాణలో చెరువు గుర్తు పెట్టుకున్న తెలివి చూడండి! వచ్చిన మొదటి చెరువు దగ్గరే తిరిగేశాను. రెండు నిమిషాల దాకా ఆయనేం మాట్లాడలేదు. తర్వాత నింపాదిగా, "నాయనా, ఈ రాష్ట్రంలో ఊరికో చెరువుంటుందని నాకే తెలుసు, నీకు తెలీదా?" అన్నారు హిందీలో. కాకతీయుల కాలం నుంచీ తవ్వుకుంటూ వచ్చిన చెరువులు, పైనుంచి చూస్తే అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. పైగా మే నెలలో మ్యాప్‌లో నీలంగా ఉన్నది నేల మీద బీటలు వారిన మట్టి. నీళ్ళు కాదు, కట్ట ఎటు వంగింది, అలుగు ఏ మూలనుంది అన్నది చూడాలని ఆ రోజే నేర్చుకున్నాను.

ఇక లోపలికి వద్దాం. మిగ్-21 కాక్‌పిట్ ఎంత ఇరుకంటే రెండు భుజాలూ రెండు గోడలకి తగులుతాయి. నిచ్చెనెక్కి దిగబడ్డాక, మా స్క్వాడ్రన్‌లో శ్రీకాకుళం అబ్బాయొకడు టెక్నీషియన్‌గా ఉండేవాడు, అతను పక్కన నిలబడి భుజాల మీది పట్టీలు లాగేవాడు. గోతం మూతి బిగించినట్టు లాగేవాడు. "ఊపిరాడట్లేదు బాబూ" అంటే "ఆడకపోతేనే మంచిది సార్" అనేవాడు. అతని మాటే నిజం. విమానం ముక్కుని ఒక్కసారిగా కిందకి తోస్తే ఒళ్ళు సీటులోంచి లేచిపోతుంది, పట్టీ వదులుగా ఉంటే హెల్మెట్ వెళ్ళి పైనున్న గాజు మూతకి, అంటే కనోపీకి, కొట్టుకుంటుంది. ఎజెక్ట్ అవ్వాల్సొస్తే, అంటే ప్రమాదంలో సీటుతో సహా బయటికి ఎగిరిపోవాల్సొస్తే, ఆ వదులు వెన్నెముక మీద పడుతుంది. చివరికి ఎజెక్షన్ సీటు పిన్నులు తీసి, నా కళ్ళముందు ఎత్తి చూపించి, లెక్క సరిపోయిందనిపించుకుని దిగిపోయేవాడు. అక్కడినుంచి మన కిందున్నది కుర్చీ కాదు, రాకెట్టు. నేనెప్పుడూ ఆ ఎజెక్షన్ హ్యాండిల్ లాగలేదు. లాగిన నా కోర్సుమేటొకడు కొన్ని నెలలు వెన్ను పట్టీతో తిరిగాడు, ఎత్తు కొలిస్తే కాస్త తగ్గాడు కూడా.

లోపలంతా నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు. గడియారాల్లాంటి డయల్స్ కిక్కిరిసి ఉంటాయి, రష్యా పద్ధతి కాబట్టి వేగం కిలోమీటర్లలో, ఎత్తు మీటర్లలో. ఆ ప్యానెల్ మధ్యలో పైనుంచి కిందకి ఒక తెల్ల గీత గీసి ఉంటుంది. మొదటి రోజు అదేమిటో అర్థం కాలేదు. విమానం స్పిన్‌లో పడి గిరగిరా తిరుగుతున్నప్పుడు విమానాన్ని తిప్పే కర్ర, అదే స్టిక్, మధ్యలో ఉందో పక్కకుందో మనిషికి తెలీదు. అప్పుడేం ఆలోచించకుండా స్టిక్‌ని ఆ గీత వైపు తొయ్యాలి. గీసినవాడెవడో గాని, ఆ క్షణంలో పైలట్ బుర్ర పనిచెయ్యదని వాడికి బాగా తెలుసు.

వాసన సంగతి ఎవరూ చెప్పరు. చిన్నప్పుడు రేషన్ షాపు ముందు క్యాన్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి గుర్తుండే కిరసనాయిలు వాసన, ఆక్సిజన్ మాస్కు రబ్బరు వాసన, నిన్నటి చెమట. ఎండాకాలం రన్‌వే పక్కన కనోపీ మూసుకుని వంతు కోసం కూర్చుంటే అది గాజు మూత పెట్టిన ఇడ్లీ పాత్ర. చెమట మాస్కులోకి కారి పెదాలకి ఉప్పగా తగులుతుంది. తుడుచుకోవడానికి వీల్లేదు. అదే ఉక్కపోత రోజు ఏసీ గట్టిగా పనిచేసిందంటే గొట్టాల్లోంచి తెల్లటి మంచు పొగ వస్తుంది. మొదటిసారి చూసి నిప్పంటుకుందనుకున్నాను.

శబ్దం కూడా మీరనుకునేది కాదు. బయట నిలబడ్డవాడికి చెవులు పగిలిపోతాయి, ఇంజన్ మన వెనకుంది కాబట్టి లోపల మనకి సన్నటి హోరే. అన్నిటికన్నా పెద్దగా వినబడేది మన ఊపిరే. మాస్కు కవాటం ప్రతి శ్వాసకీ "టిక్" మంటుంది. కంగారు పడుతున్నామా లేదా అన్నది ఆ టిక్కులు లెక్కపెట్టుకుంటే తెలిసిపోతుంది. నేల మీద నడిపేటప్పుడైతే బ్రేకు పట్టినప్పుడల్లా బుస్సుమని గాలి చప్పుడు, దాని బ్రేకులు గాలితో పనిచేస్తాయి మరి. అంత వేగమైన విమానం నడుపుతూ ఆర్టీసీ బస్సు చప్పుడు వినడం తమాషాగా ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి. వేగం తెలీదన్నాను గదా, బరువు తెలుస్తుంది. స్టిక్ వెనక్కి లాగి గట్టిగా మలుపు తిప్పగానే ఎవరో పైనుంచి తొక్కేస్తారు. దాన్నే జీ అంటాం. నేల మీద మనందరిదీ ఒక జీ. అప్పట్లో నేను 68 కిలోలు. ఏడు జీ లాగితే 476. ఒక ముర్రా గేదెని ఎత్తి నా సీటులో నా మీద కూర్చోబెట్టినట్టు. హెల్మెట్‌తో కలిపి ఆరు కిలోలుండే తల 42 కిలోలవుతుంది. ఆ తలతోనే వెనక్కి తిరిగి, తోక వెనక ఎవడైనా ఉన్నాడా అని చూడాలి. తిరగాలంటే జీ రాకముందే తిరిగి, తలని సీటుకి ఆనించి పెట్టుకోవాలి. వచ్చాక తిప్పితే మెడ పట్టేస్తుంది. నాకిప్పటికీ ఎడమవైపు పట్టు ఉంది, కారు రివర్సు చేసేటప్పుడు మా ఆవిడే చూసి చెప్పాలి. బుగ్గలు జారతాయి, మాస్కు ముక్కు మీంచి కిందకి దిగుతుంది, చెయ్యి ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్ మీంచి ఎత్తాలంటే పక్కవాణ్ని పిలవాలనిపిస్తుంది. పక్కన ఎవడూ ఉండడు.

బరువు ఒక్కటే అయితే ఎలాగోలా మొయ్యొచ్చు. ఇబ్బంది రక్తంతో. మేడ మీది ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటరుని తలుచుకోండి. గుండె అలాంటి మోటరే, ఒక జీలో తల దాకా హాయిగా ఎక్కిస్తుంది. ఏడు జీలో మోటరు అదే, మేడ మాత్రం ఏడింతలు ఎత్తు పెరిగింది. రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది. మొదట దెబ్బ తినేది కన్ను, ఎందుకంటే కనుగుడ్డు లోపల దాని ఒత్తిడి దానికుంటుంది, రక్తం దాన్ని తోసుకుని లోపలికి వెళ్ళాలి. ముందు రంగులు పోతాయి. తర్వాత అంచులనుంచి బూడిదరంగు కమ్ముకొస్తుంది, పాత టీవీ ఆపినప్పుడు బొమ్మ మధ్యకి ముడుచుకుపోయేది చూడండి, అలా. ఇంకా లాగితే పూర్తి చీకటి, కాని చెవులు పనిచేస్తుంటాయి, గ్రౌండ్ నుంచి మాట్లాడేవాడి గొంతు వినబడుతుంటుంది. ఆ పైన స్పృహ పోతుంది. నెమ్మదిగా లాగినవాడికి ఈ మెట్లన్నీ కనబడతాయి, తెలుసుకుని వదిలేస్తాడు. ఒక్కసారిగా లాగినవాడికి ఏ హెచ్చరికా ఉండదు. మెదడు దగ్గర నాలుగైదు సెకన్లకి సరిపడా ఆక్సిజన్ నిలవ ఉంటుంది, అందాకా అంతా బాగున్నట్టే ఉండి దీపం ఆరిపోయినట్టు పోతాడు. తేరుకోవడానికి పట్టే సెకన్లలో విమానం తన దారిన తను పోతుంటుంది.

జీ సూట్ దీనికోసమే. ప్యాంటు మీద ప్యాంటులా తొడుక్కుంటాం, పొట్టకీ తొడలకీ పిక్కలకీ గాలి సంచులుంటాయి, ఇంజన్ నుంచి గాలి వచ్చి నింపుతుంది. డాక్టరు బీపీ చూసే పట్టీని రెండు కాళ్ళకీ పొట్టకీ ఒకేసారి బిగిస్తే ఎలా ఉంటుందో అలా. ఇంతా చేసి అది ఇచ్చే ఊరట ఒకటి, ఒకటిన్నర జీ మాత్రమే. మిగతాది మన ఒళ్ళే తెచ్చుకోవాలి: కాళ్ళూ పొట్టా రాయిలా బిగించి, ఊపిరి పీల్చి మూడు సెకన్లు ఆపి, చటుక్కున వదిలి మళ్ళీ పీల్చి. రేడియో తెరిచి ఉంటే ఆ చప్పుడు అందరికీ వినిపిస్తుంది, రోట్లో పోటు వేసేవాళ్ళ "హు... హు"లా. టిఫిన్ మానేసి వచ్చినవాడికి, నీళ్ళు తాగనివాడికి, నెల సెలవు మీద ఇంటికెళ్ళి వచ్చినవాడికి ఒకటి రెండు జీ ముందే చూపు మసకేస్తుంది. బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో దీన్ని అలవాటు చెయ్యడానికి మనిషిని తిప్పే యంత్రముంది. రంగులరాట్నం అనుకుని నవ్వుతూ ఎక్కినవాళ్ళని చాలామందిని చూశాను, దిగేటప్పుడు ఎవడూ నవ్వలేదు.

గట్టిగా జీ లాగిన రోజు చేతుల కింద, పిర్రల మీద సన్నటి ఎర్ర చుక్కలు తేలతాయి, సన్న రక్తనాళాలు చిట్లి. ఒకసారి డాగ్‌ఫైట్, అంటే గాల్లో విమానాల కుస్తీ, ప్రాక్టీసు చేసిన మర్నాడే సెలవు మీద తెనాలి వెళ్ళాను. అన్నం వడ్డిస్తూ మా అమ్మ నా మోచేతులు చూసి గరిటె వదిలేసింది. "తట్టు పోసిందిరా, ఎవరితోనూ చెప్పవేం?" అని వేపాకు కోసం పెరట్లోకి పరిగెత్తింది. పైలట్లు వాటిని జీ మీజిల్స్ అంటారు, అంటే సరిగ్గా తట్టే. అమ్మకి ఆ సంగతి చెప్పేలోపే మంచం నిండా వేపరెమ్మలు.

బరువైనా నిజం చెబుతుంది. ఒళ్ళు అబద్ధం చెప్పేది మబ్బులో. అది అన్నిటికన్నా పాడు అనుభవం. మన లోపలి చెవిలో అర్ధచంద్రాకారపు గొట్టాలున్నాయి, వాటిలోని ద్రవం కదిలితే తిరుగుతున్నామని తెలుస్తుంది. ఒకే తీరుగా పదిహేను, ఇరవై సెకన్లు తిరిగితే ఆ ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరగడం మొదలెడుతుంది, అప్పుడిక తిరుగుతున్నట్టే ఉండదు. విమానాన్ని సరిచెయ్యగానే రెండోవైపు పడిపోతున్నట్టు ఉంటుంది. కావాలంటే ఆఫీసు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుని ఎవరిచేతనైనా అరనిమిషం నెమ్మదిగా ఒకే వేగంతో తిప్పించుకుని ఆపించండి. ఆగిన కుర్చీలో కూర్చుని ఎదురువైపు తిరుగుతున్నానని ఒట్టేసి చెప్తారు.

ఒంటరిగా ఉన్నప్పుడు దీనికి మందు ఉంది: చెవిని నమ్మకు, డయల్‌ని నమ్ము. ఫార్మేషన్‌లో, అంటే ముందున్న లీడర్ విమానాన్ని అంటిపెట్టుకుని జట్టుగా ఎగిరేటప్పుడు, ఆ మందు కూడా లేదు. తేజ్‌పూర్‌లో జూలై నెల, లీడర్ రెక్క పక్కన నాలుగైదు మీటర్ల దూరంలో నేను. మబ్బులోకి దూరాం. అతని విమానం అంచు తప్ప లోకంలో ఇంకేం లేదు. కన్ను తిప్పి నా డయల్ చూసుకుంటే అతను మాయమైపోతాడు, లేదా నేను అతని మీదికి పోతాను. కొంతసేపటికి మేమిద్దరం కుడివైపుకి ఒరిగి తిరుగుతున్నామని నా ఒళ్ళు చెప్పడం మొదలెట్టింది. చెప్పడం కాదు, అరవడం. ఇంకాసేపటికి తలకిందులుగా ఉన్నామనిపించింది. తొడ కండరాలు సీటుని పట్టుకుని పడిపోకుండా ఆపుకుంటున్నాయి. అతను మాత్రం తిన్నగా, నింపాదిగా పోతున్నాడు. మాస్కు టిక్కులు గబగబా వినబడుతున్నాయి. మబ్బులోంచి బయటికి రాగానే ఆకాశం, నేల ఒక్క కుదుపుతో తమ తమ చోట్లలో కూర్చున్నాయి, ఎవరో ఫోటో చట్రం సరిచేసినట్టు. మేం మొదటినుంచీ తిన్నగానే ఉన్నాం.

ఫార్మేషన్‌లో అంతగా నమ్మాలి. 1982 జనవరి 18న అమెరికాలో నెవాడా ఎడారి మీద వాళ్ళ వైమానిక దళపు విన్యాసాల జట్టు థండర్‌బర్డ్స్ నాలుగు టి-38 జెట్లతో ప్రాక్టీసు చేస్తుంటే లీడర్ విమానం పైకి లేవలేదు. మిగతా ముగ్గురూ అతని రెక్క వైపే చూస్తూ అతనితోపాటే నేలని ఢీకొన్నారు. ఆ వార్త చదివి బయటివాళ్ళు పక్కకి తప్పుకోవాల్సింది కదా అంటారు. ఆ సీట్లో కూర్చున్నవాడెవడూ అనడు.

భయం గురించి అడిగారు. మిగ్-21ని పేపర్లు ఎగిరే శవపేటిక అన్నాయి, నాకా మాట నచ్చదు. అది క్షమించని విమానం, నిజమే. దిగేటప్పుడు నేల తాకే వేగం గంటకి 300 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, తాకగానే తోకలోంచి పారాచ్యూట్ విప్పాలి. కాని మమ్మల్ని కిరణ్ నుంచి దించి నేరుగా దాని మీద ఎక్కించారు. మధ్యలో ఒక మెట్టు కావాలని 1982లోనే, విమాన ప్రమాదాల మీద వేసిన లా ఫోంటెయిన్ కమిటీ చెప్పింది. ఆ మెట్టు కోసం హాక్ అనే శిక్షణ జెట్ల ఒప్పందం 2004లో అయ్యింది, అవి బీదర్‌లో లాంఛనంగా చేరింది 2008లో. ఆ మెట్టు లేనప్పుడు కాక్‌పిట్‌లో ఎలా ఉండేదంటే, విమానం ముందు పోయేది, మన బుర్ర దాని తోక పట్టుకుని వెనకాల ఈడ్చుకుపోయేది. రన్‌వే ఇంకా దూరముందనుకుంటుండగానే కింద గీతలు పరిగెడుతుండేవి. మొదటి పది సార్టీల్లో, అంటే మొదటి పదిసార్లు ఎగిరినప్పుడు, భయపడ్డానా అంటే, భయపడటానికి తీరికేది? ఒకచేత్తో స్టిక్, ఒకచేత్తో థ్రాటిల్, కళ్ళు వేగం మీద, చెవి రేడియోకి, ప్రతి రెండు నిమిషాలకీ ఇంధనం లెక్క. రాత్రి మంచం మీద పడుకున్నాక, ఫలానా చోట కొంచెం తేడా వచ్చుంటే అని గుర్తొచ్చేది. ఆకాశంలో నా బెంగంతా తప్పు చేసి, దిగాక తప్పొప్పులు చర్చించే డీబ్రీఫింగ్‌లో అందరి ముందూ నిలబడాలనే.

కొత్త విమానాల మాట కాస్త. ఎఫ్-16లో సీటు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, గుండెకీ కంటికీ మధ్య నిట్టనిలువు దూరం తగ్గి జీ తట్టుకోవడం కొంత తేలికవుతుంది. తేజస్‌లో ముళ్ళ గడియారాల బదులు తెరలు, కావల్సిన అంకెలన్నీ కళ్ళెదుట అద్దం మీదే కనబడతాయి. సుఖోయ్-30లో ఇద్దరు, గాలిలోనే ఇంధనం పోసుకుని గంటలకొద్దీ ఎగురుతారు. మాది నలభై నిమిషాల లోపు వ్యవహారం, మూత్రానికి వెళ్ళాల్సిన బాధ అంతగా తెలీలేదు. వాళ్ళకి అదొక పెద్ద అధ్యాయం, వాళ్ళనే అడగండి.

నలభై నిమిషాల్లో చూడ్డానికి మిగిలేవి కొన్ని సెకన్లే. ఒక నవంబరు సాయంత్రం తేజ్‌పూర్‌లో రన్‌వే మీదికి వచ్చేసరికి పొద్దుగుంకింది, బ్రహ్మపుత్ర మీద చీకటి పడుతోంది. థ్రాటిల్‌ని ఆఖరుదాకా తోసి, ఇంజన్ తోకలో అదనంగా ఇంధనం మండించే రీహీట్ వేశాను, ఒకటి రెండు సెకన్లు ఆగి వీపు మీద తోపు తగిలింది. ముక్కు పైకెత్తి నిటారుగా ఎక్కుతుంటే పడమటి వైపు, అప్పుడే అస్తమించిన సూర్యుడు మళ్ళీ లేచాడు. పడమట సూర్యోదయం! ఉత్తరాన మంచు కొండల వరస మొత్తం గులాబీరంగులోకి తిరిగింది, తల పైన ఆకాశం నీలం దాటి నేరేడుపండు రంగులో ఉంది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి, నేను చూస్తున్నాను. ఐదారు టిక్కులు అయ్యుంటాయి. చెవిలో లీడర్ గొంతు: "నంబర్ టూ, ఫ్యూయెల్ ఎంతుంది?"